ఆరో నంబరు చొక్కా

కలినోపిల్ ఊళ్లో ఫుట్‌బాల్ ఆట ఉన్న రోజున పరాస్క అవ్వ పొద్దున్నే ఇస్త్రీపెట్టె వేడి చేసుకుని స్టాండు కింద ఉన్న గదిలో కూర్చునేది. ఉతికి ఆరేసిన చొక్కాలు బల్ల మీద గుట్టగా పడి ఉండేవి. ఒక్కొక్కటే తీసి, కాలరు దగ్గర మొదలుపెట్టి, మడతలన్నీ పోయేదాకా నొక్కి, గోడకున్న మేకులకు నంబర్ల వరసన తగిలించేది. పక్కనే పిండిమర. కిటికీ తెరిస్తే సన్నటి పిండి లోపలికొచ్చి ఇస్త్రీ చేసిన చొక్కాల మీద కూర్చునేది. అందుకని ఎండాకాలంలో కూడా ఆ కిటికీ తెరిచేది కాదు, చెమటలు కక్కుతూనే పని చేసేది.

మధ్యాహ్నానికి ఆటగాళ్లు ఒకరొకరే వచ్చి తమ చొక్కా తీసుకుపోయేవారు. జట్టు పేరు జోర్నా, అంటే తిరగలి. పిండిమర కూలీలు పెట్టుకున్న జట్టు కాబట్టి ఆ పేరు. స్టాండులో జనం అరిచే అరుపు కూడా "తిప్పు, తిప్పు" అనే.

గోడ మీద ఐదో మేకుకీ ఏడో మేకుకీ మధ్యనున్న చొక్కా వైపు మాత్రం ఆటగాళ్లు చూసేవారు కాదు. చూస్తే ఎక్కడ తమకు అంటగడతారో అని భయం. ఆ రోజుల్లో ఆట మొదలుపెట్టే పదకొండు మందికీ ఒకటి నుంచి పదకొండు దాకా నంబర్లు ఉండి తీరాలని లీగు రూలు. అది లేకపోతే ఆరో నంబరును ఏనాడో బీరువాలో పెట్టి తాళం వేసేవాళ్లే. ఆఖరిసారి దాన్ని వేసుకున్న మధ్యవరస ఆటగాడు, విరామంలో భార్య వచ్చి అడిగిన ఒక చిన్న ప్రశ్నకు జవాబు చెప్పి, ఆ వారంలోనే ఊరు వదిలి వెళ్లిపోయాడు.

సరిగ్గా అప్పుడే, పంతొమ్మిది వందల తొంభై మూడు మార్చిలో, లుక్యాన్ వచ్చాడు.

ఖెర్సోన్ మనిషి. చూడ్డానికి బాగుంటాడు, కబుర్లు ఇంకా బాగా చెబుతాడు. ఒకప్పుడు కీవ్‌లో ఓ పెద్ద జట్టులో ఉన్నాడు గానీ, ఎక్కువ కాలం బెంచీ మీదే కూర్చున్నాడు. ఆ సంగతి మాత్రం ఎవరికీ చెప్పడు. అడిగినవాడికీ అడగనివాడికీ కోతలు కోస్తాడు. పెనాల్టీ గీతల్లోకి అడుగుపెట్టాడంటే గాలి తగిలినా పడిపోతాడు. మోకాలు పట్టుకుని దొర్లితే చూసేవాళ్ల కళ్లలో నీళ్లు తిరగాల్సిందే. కోచ్ నెస్తోర్ అతన్ని పిలిపించుకున్నది కూడా అందుకే. జట్టు లీగులో అట్టడుగున ఉంది. గోలు కొట్టేవాడు లేడు. కనీసం పడేవాడైనా ఉంటే పెనాల్టీలు వస్తాయి కదా అని ఆయన ఆశ.

ఆటగాళ్లంతా వాళ్ల వాళ్ల చొక్కాలు గబగబా లాక్కుని పక్క గదిలోకి పోయారు. కొత్తవాడికి మిగిలింది ఆరో నంబరు.

పరాస్క అవ్వ దాన్ని అందిస్తూ, "చంక దగ్గర కాస్త బిగుతుగా ఉంటుంది నాయనా. అదీగాక, వేసుకున్నంతసేపూ నోట్లోంచి నిజమే వస్తుంది. మిగతా అంతా బాగానే ఉంటుంది," అంది.

"సరే అవ్వా," అన్నాడు లుక్యాన్. పాత ఊళ్లో పాత జట్టు అన్నాక ఏదో ఒకటి ఉంటుంది. ఖెర్సోన్‌లో వాళ్ల స్టేడియం కొళాయిలో నీళ్లు రావు, ఇక్కడ ఇది. పెద్దగా పట్టించుకోకుండా తొడుక్కున్నాడు. చంక నిజంగానే బిగుతుగా ఉంది.

నెస్తోర్ చేతిలో జట్టు కాగితం పట్టుకుని వచ్చాడు. "నీ వయసెంతన్నావు?"

"ముప్పై నాలుగు."

"కాగితంలో ఇరవై తొమ్మిదని ఉంది."

"అది నేను రాసింది కదండీ."

నెస్తోర్ ఒక్క క్షణం కళ్లు మూసుకున్నాడు. తర్వాత, "కాళ్లు ఎట్లా ఉన్నాయి?" అని అడిగాడు.

"మొదటి సగం పర్లేదు. తర్వాత బరువెక్కుతాయి."

"ఇంకేం అడగను. పద," అన్నాడు నెస్తోర్.

ఆట మొదలైన కాసేపటికే లుక్యాన్ తన విద్య చూపించాడు. బంతి తీసుకుని గీతల్లోకి దూసుకుపోయి, పక్కనున్న డిఫెండరు కాస్త వంగగానే గాల్లోకి లేచి, కోసిన చెట్టులా కూలాడు. రెఫరీ ఈల వేసి పెనాల్టీ చుక్క వైపు చెయ్యి చూపించాడు. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు లుక్యాన్ దగ్గరకొచ్చి వంగాడు.

"ఆరో నంబరూ, నీకు తగిలాడా?"

లుక్యాన్ పళ్లు బిగబట్టి, బాధగా మొహం పెట్టి, నోరు తెరిచాడు.

"లేదండీ. వాడు బారెడు దూరంలో ఉన్నాడు. నేనే పడ్డాను. ఎడం కాలు ముందు మడిస్తే చూసేవాళ్లకి నిజంలా ఉంటుందని అట్లా మడిచాను."

రెఫరీ తల పంకించి పెనాల్టీ రద్దు చేశాడు. డిఫెండరు చెయ్యి అందించి లుక్యాన్‌ను లేపాడు. స్టాండులో జనం ఎవరూ తిట్టలేదు. ఆరేసిన బట్టల మీద వాన మొదలైతే ఆడవాళ్లు నిట్టూర్చినట్టు ఒక్క నిట్టూర్పు విడిచి, మళ్లీ పొద్దుతిరుగుడు గింజలు కొరకడంలో పడ్డారు.

లుక్యాన్ పరాస్క అవ్వ ఇంట్లోనే ఓ గది అద్దెకు తీసుకున్నాడు. ఆ సాయంత్రం అవ్వ నిలవబెట్టిన చెర్రీపళ్లు కూరి, ఉడికించిన కజ్జికాయల్లాంటి వరేనికీలు చేస్తూ, మొహం మాడ్చుకుని కూర్చున్న అతనికి ఆ చొక్కా సంగతంతా చెప్పింది. ఊళ్లో ప్రతివాడికీ తెలిసిన కథే అది.

పిండిమరలో ఒనిసిం అని ఒకడుండేవాడట. తూకం దగ్గర నిలబడే మనిషి. వాడి తూకం మీద నమ్మకంతో రైతులు దారిలో వేరే మరలున్నా దాటుకుని, ఏరు కూడా దాటి, బళ్లు కట్టుకుని కలినోపిల్ దాకా వచ్చేవాళ్లు. కూలీలంతా కలిసి బళ్లు నిలిపే జాగాలో గోలుకర్రలు పాతి జట్టు పెట్టినప్పుడు, వాణ్నీ తీసుకుని ఆరో నంబరు ఇచ్చారు. చొక్కాలకు గుడ్డ లేదు. ఆడవాళ్లు పిండి సంచులు విప్పి కుట్టిపెట్టారు. మొదటి ఏడాదంతా జోర్నా ఆటగాళ్ల గుండెల మీద "మేలురకం గోధుమ" అనే ముద్ర ఉండేదట.

ఆ ఏడు జిల్లా ఫైనల్లో బంతి కర్రకు తగిలి కిందపడింది. లోపల పడిందా బయట పడిందా ఎవరికీ తేలలేదు. రెఫరీగా నిలబడ్డ మందులషాపాయన కళ్లజోడు ఇంట్లో మర్చిపోయి వచ్చాడు. ఆయన నేరుగా ఒనిసిం దగ్గరకెళ్లి, "నువ్వు చెప్పయ్యా," అన్నాడు.

"బయటే పడింది," అన్నాడు ఒనిసిం.

జట్టు ఓడిపోయింది. వారంపాటు వాడితో ఎవరూ మాట్లాడలేదు. ఆ తర్వాత మాట్లాడక తప్పలేదు, ఎందుకంటే పిండిమర ముందు బళ్ల వరస ఏటి వంతెన దాకా పెరిగింది.

"యుద్ధానికి పోయి తిరిగి రాలేదు పాపం," అంది అవ్వ పిండి ముద్ద ఒత్తుతూ. "వాడి చొక్కా మా అమ్మ దగ్గరుండేది. యుద్ధం అయ్యాక కొత్త చొక్కాలొచ్చినప్పుడు, పాతదాంట్లోంచి ఓ ముక్క కత్తిరించి, కొత్త ఆరో నంబరుకి చంక కింద కుట్టింది. అది చినిగితే దాని తర్వాతదానికి నేను కుట్టాను. ఆ ముక్క అట్లా వస్తూనే ఉంది. ఊరికే పారేయలేం కదా."

అట్లా ఎన్ని చొక్కాలు మారినా ఒనిసిం నోరు మారలేదు. మధ్యలో కమ్యూనిస్టు పార్టీవాళ్లు జట్టు పేరు తీసేసి "ఎర్ర పిండిమర" అని పెట్టారు. అయినా జనం "తిప్పు, తిప్పు" అని అరవడం మానలేదు. ఓ మే పండక్కి పార్టీ కార్యదర్శి సరదాపడి ఆ ఆరో చొక్కా తొడుక్కుని, పంట దిగుబడి గురించి ఉపన్యాసం మొదలుపెట్టాడు. ఆయన ఏం చెప్పాడో ఊళ్లో ఇప్పటికీ ఎవరూ పైకి అనరు. ఆయన్ను కజాఖ్‌స్తాన్ బదిలీ చేశారు. ఇంకోసారి ఓ కోచ్ తెలివిగా మూగవాడైన కుర్రాణ్ని వెతికి తెచ్చి ఆరో నంబరు ఇచ్చాడు. రెఫరీ అడిగేసరికి ఆ కుర్రాడు బూటు ముందుభాగంతో నేలమీద రాసి మరీ నిజం చెప్పాడు. డెబ్బైల్లో రిపబ్లిక్ కప్పు సెమీఫైనల్ దాకా వెళ్లి, ఆరో నంబరు "అవునండీ, నా చేతికి తగిలింది" అన్న ఒక్క మాటతో వెనక్కొచ్చేశారు. ఆ రోజు రైలు దిగిన జట్టుకు ఊరంతా స్టేషనుకొచ్చి పువ్వులిచ్చింది, కానీ ఆరో నంబరుకు ఇచ్చిన గుత్తిలో పువ్వుల కన్నా ముళ్లే ఎక్కువున్నాయి.

పెళ్లి సంబంధాలప్పుడు ఆ చొక్కా ఓ పూట ఇమ్మని అవ్వ దగ్గరకొచ్చే అత్తగార్లు ఇప్పటికీ ఉన్నారు. అవ్వ ఇవ్వదు. "ఇది ఆట చొక్కా. మీ అల్లుడు బంతి ఆడతాడా?" అంటుంది.

"ఇన్ని కప్పులు పోగొట్టిన చొక్కాను ఎందుకు ఉంచుకున్నారవ్వా?" అన్నాడు లుక్యాన్.

అవ్వ ఆలోచించింది. "మరి మా ఆరో నంబరు అదే కదా," అంది.

లుక్యాన్‌కు అక్కడ ఎక్కువ రోజులు ఉండే ఉద్దేశం లేదు. ఎదిక్ అనే దళారి పరిచయం. తోలు కోటు వేసుకుని ఊరూరా తిరుగుతూ, ఆటగాళ్లను పోలెండు జట్లకు పంపే మనిషి. జూన్‌లో సీజన్ అయిపోగానే లుక్యాన్‌ను తీసుకుపోతానని మాటిచ్చాడు. ఇక్కడ జీతం సగం రోజురోజుకీ విలువ పడిపోయే కూపన్ నోట్లు, సగం పిండి. ఆటగాళ్లు ఆదివారాలు స్టేషన్లో నిలబడి ఆ పిండి అమ్ముకునేవాళ్లు. అక్కడైతే అసలైన డబ్బు. లుక్యాన్ సరేనన్నాడు, ఎవరికీ చెప్పలేదు.

అయితే చెప్పకుండా ఉండడం అంత తేలిక కాలేదు. చొక్కా ఒంటి మీదుండగా ఎవరైనా "వచ్చే ఏడు కూడా ఉంటావా?" అని అడిగితే పని అయిపోయినట్టే. అందుకని ఆట అవగానే చొక్కా విప్పుతూనే గదిలోకి పరిగెత్తేవాడు. నెస్తోర్ కూడా అడగలేదు. జవాబు వినడం ఆయనకూ ఇష్టం లేదేమో.

ఇంకో ఇబ్బంది డాక్టరమ్మ యుస్తీనా. పిండిమర ఆసుపత్రిలో పని, ఆట రోజుల్లో సంచీ పట్టుకుని వచ్చి బెంచీ చివర కూర్చునేది. ముప్పై దాటిన మనిషి. ఒకసారి పెళ్లి చేసుకుని, అది చాలనుకుని ఒంటరిగా ఉంటోంది. ఏప్రిల్‌లో ఓ వాన రోజున బురదలో ఆడలేక, లుక్యాన్ విరామంలో స్టాండు కింద గదిలోకి తొడ పట్టుకుని కుంటుకుంటూ వచ్చి ఆమె ముందు కూర్చున్నాడు.

"ఎక్కడ నొప్పి?" అంది యుస్తీనా.

"ఎక్కడా లేదు," అన్నాడు లుక్యాన్. అని, నోరు మూసుకున్నాడు.

"మరి కుంటుతున్నావెందుకు?"

"బయట చలిగా ఉంది. ఇక్కడ పొయ్యి ఉంది." ఆగుదామనుకున్నాడు గానీ ఆ మాట ఆగలేదు. "మీరు కూడా ఉన్నారు."

యుస్తీనా అతని మొహంలోకి ఓసారి చూసింది. తర్వాత ఒంటి మీదున్న చొక్కా వైపు చూసింది. ఆమె చెవులు కాస్త ఎర్రబడ్డాయి. "పొయ్యి ఆట అయ్యాక కూడా ఉంటుంది. పో, ఆడు," అంది.

చొక్కా లేనప్పుడు లుక్యాన్ ఆమెకు చెప్పని పొగడ్త లేదు. ఆమె కళ్లు ఏటి నీళ్లంటాడు, గొంతు ఇంకేదో అంటాడు. అవన్నీ ఆమె వాతావరణ వార్తలు విన్నట్టు వినేది. ఓ విరామంలో నీళ్లసీసా అందిస్తూ ఊరికే, "నా జుట్టు ఎట్లా ఉంది?" అని అడిగింది.

"గడ్డివాములా ఉంది," అన్నాడు లుక్యాన్, చచ్చాననుకుంటూ. "ఆట మధ్యలో ఎన్నిసార్లు అటు చూస్తానో నాకే తెలీదు."

ఆ సీజన్లో యుస్తీనా నవ్వడం జట్టు చూసింది అదే మొదటిసారి.

ఈలోగా లుక్యాన్ ఆట మారింది. పడి లాభం లేదు కాబట్టి నిలబడక తప్పలేదు. తోసినా, చొక్కా పట్టి లాగినా, కాళ్ల మీదే ఉండి బంతిని ముందుకు తీసుకుపోవడం ముప్పై నాలుగో ఏట నేర్చుకున్నాడు. మొదట్లో నడుం పట్టేసేది. మేలో రెండు గోల్స్ కొట్టాడు, ఆ తర్వాత ఇంకొన్ని. నిజానికి తనకు గోలు కొట్టడం వచ్చని అతనికే తెలిసినట్టు లేదు, ప్రతిసారీ వెనక్కి తిరిగి ఎవరు కొట్టారా అని చూసేవాడు. అట్టడుగునున్న జోర్నా ఒక్కో మెట్టే పైకెక్కి, ఆఖరి ఆట నాటికి ఒడ్డుకు అందేంత దూరంలో నిలబడింది.

ఆఖరి ఆట పొరుగు జిల్లా రైల్వే జట్టుతో, కలినోపిల్‌లోనే. ఓడిపోతే జోర్నా లీగులోంచి పోతుంది. పిండిమర కొత్త యాజమాన్యం ముందే చెప్పేసింది, లీగులో లేని జట్టుకు చిటికెడు పిండి కూడా ఇచ్చేది లేదని. స్టేడియం జాగాలో గోదాము కట్టుకుంటారట. డ్రా అయినా చాలు, జట్టు బతుకుతుంది.

జూన్ ఎండ. స్టాండు నిండిపోయి జనం కంచె మీద, గోదాముల కప్పుల మీద కూర్చున్నారు. తోలు కోటు చేతిమీద వేసుకుని ఎదిక్ రెయిలింగు దగ్గర నిలబడ్డాడు. పోలెండు బస్సు మర్నాడు పొద్దున.

నెస్తోర్ ఆటకు ముందు గదిలో పెద్ద ఉపన్యాసమేమీ ఇవ్వలేదు. "మీకు తెలుసుగా," అన్నాడు. తర్వాత లుక్యాన్ దగ్గరకొచ్చి, ఏదో అడగబోయి మానేసి, భుజం తట్టి పోయాడు.

మొదటి సగంలోనే రైల్వేవాళ్లు ఓ గోలు వేసేశారు. కార్నరు నుంచి వచ్చిన బంతి జోర్నా గోల్‌కీపరు చేతుల్లోంచి సబ్బులా జారిపోయింది. ఆ తర్వాత వాళ్లంతా వెనక్కి పోయి తమ గోలు ముందు గోడ కట్టేశారు. జోర్నా కొట్టిన ప్రతి బంతీ ఆ గోడకు తగిలి తిరిగొచ్చేది.

రెండో సగంలో లుక్యాన్ ఒక్కసారి ఆ గోడ దాటి పోయాడు. ఎదుట గోల్‌కీపరు ఒక్కడే. వెనకనుంచి ఎవడిదో కాలు అడ్డం వచ్చినట్టనిపించింది. పాత అలవాటు ఒళ్లంతా పాకింది. కాళ్లు తేలిపోయాయి. నేలమీద పడ్డాక తెలిసింది అతనికి, తనేం చేశాడో.

ఈల మోగింది. పెనాల్టీ. స్టాండులో ఒక్క అరుపు కూడా లేదు. అందరికీ ఆ తర్వాతి ముక్క తెలుసు. రెఫరీ నెమ్మదిగా నడిచొచ్చాడు.

"తగిలాడా?"

లుక్యాన్ గడ్డి వైపు చూస్తూ, "తగల్లేదండీ. తగులుతాడనుకుని ముందే పడ్డాను. అలవాటు," అన్నాడు.

ఎవరో ముసలాయన స్టాండులో టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. నెస్తోర్ మైదానం వైపు వీపు పెట్టి నిలబడ్డాడు. లుక్యాన్ అరచేతులు నేలకానించి లేచాడు. నిలబడి ఉంటే ఆ గోలు పడేదని అతనికి తెలుసు, అది చెప్పడానికి ఏ చొక్కా అక్కర్లేదు. జట్టువాళ్ల మొహాలు చూడలేకపోయాడు. అయినా ఐదో నంబరు డిఫెండరు పక్కనుంచి పోతూ, "నిలబడు బాబాయ్, ఇంకా టైముంది," అన్నాడు.

ఆట చివరికొచ్చింది. జోర్నా గోల్‌కీపరు కూడా ముందుకు పరిగెత్తుకొచ్చేశాడు. ఎడమ పక్కనుంచి ఎవరో బంతిని గుడ్డిగా పైకి లేపారు. గోలు ముందు ఇరవై కాళ్లు, ఇరవై మోచేతులు. లుక్యాన్‌ను ఒకడు వీపులో గుద్దాడు, ఇంకొకడు చొక్కా పట్టి లాగాడు. పడలేదు. ఎగిరాడు. ఎండ కళ్లలో కొట్టింది, ఏమీ కనిపించలేదు. ఒంటికి ఎక్కడో బంతి దభీమని తగిలింది. కళ్లు తెరిచేసరికి అది వలలో ఉంది.

స్టాండు లేచి మళ్లీ ఆగిపోయింది. రైల్వేవాళ్లు నలుగురు రెఫరీ చుట్టూ మూగి, "చెయ్యి, చేత్తో కొట్టాడు," అంటున్నారు. గీత పక్కనున్న సహాయ రెఫరీకి కూడా జనం అడ్డం వచ్చి కనిపించలేదట. రెఫరీ నీళ్లు నమిలాడు. అప్పుడు రైల్వే జట్టు కెప్టెన్, నెరిసిన జుట్టు మనిషి, తన వాళ్లను చేతులతో పక్కకు జరిపాడు.

"వాదనెందుకు. ఆరో నంబరును అడగండి. వాడేమంటే అది," అన్నాడు.

అందరూ లుక్యాన్ వైపు తిరిగారు. అతనికి నిజంగా తెలీదు. చెయ్యి అయి ఉండొచ్చు. చెయ్యి పైకి లేచే ఉంది. నోరు తెరిస్తే ఏమొస్తుందో, తనూ వాళ్లతో పాటే వినాలి.

"చేతికి తగిలిందా?" అన్నాడు రెఫరీ.

"లేదండీ," అంది లుక్యాన్ నోరు. "భుజం. ఎడమ భుజం. చెయ్యి ఎత్తాను గానీ బంతి దాని కింద నుంచి వచ్చింది."

రెఫరీ మధ్య గీత వైపు చెయ్యి చూపించాడు. గోలు.

రైల్వేవాళ్లు ఒక్కడూ నోరెత్తలేదు. కెప్టెన్ భుజాలెగరేసి, బంతి తీసుకుని మధ్యలోకి నడిచాడు. కలినోపిల్ స్టాండు మాత్రం కాసేపు నమ్మలేకపోయింది. ఒనిసిం నాటి నుంచి ఆరో నంబరు నోరు తమ వైపు మాట్లాడడం ఎవరూ ఎరగరు. తర్వాత ఆ గోదాముల కప్పుల మీదనుంచి మొదలైన కేక ఏటి అవతలికి వినిపించిందంటారు. ఆట మిగిలిన నిమిషాలు ఎట్లా గడిచాయో ఎవరికీ గుర్తులేదు. ఆఖరి ఈల మోగగానే ముసలివాళ్లు ఒకరి మీద ఒకరు పడి ఏడుస్తూ నవ్వారు. నెస్తోర్ తనకు తెలియని ఒకావిడను కౌగిలించుకుని, క్షమాపణ చెప్పి, మళ్లీ కౌగిలించుకున్నాడు.

లుక్యాన్ జనంలోంచి ఎట్లాగో బయటపడి రెయిలింగు దగ్గరకొచ్చాడు. ఎదిక్ వాచీ చూసుకుంటున్నాడు.

"బాగా ఆడావు. అక్కడివాళ్లకి చెబుతా. పొద్దున బస్సు స్టేషను ముందు ఆగుతుంది. వస్తున్నావుగా?"

"రాను," అన్నాడు లుక్యాన్.

ఎదిక్ కన్నా లుక్యానే ఎక్కువ ఆశ్చర్యపోయాడు. తన నోటి వైపు చూసుకునే వీలుంటే చూసుకునేవాడే.

"రాకపోవడమేంటి? మార్చిలో మాటిచ్చావు."

"ఇచ్చాను. అప్పుడు నాకు తెలీదు." ఇంకా ఏమొస్తుందోనని లుక్యాన్ ఒక్క క్షణం ఆగాడు. వచ్చింది. "ఇక్కడ నేనేం చెప్పినా నమ్ముతున్నారు ఎదిక్. నాకు ముప్పై నాలుగేళ్లు. ఇప్పటిదాకా అట్లా ఎక్కడా జరగలేదు. అక్కడికొస్తే మళ్లీ మొదటినుంచి పడాలి."

ఎదిక్ అతన్ని ఎగాదిగా చూశాడు. ఆరో నంబరు మీద చూపు ఆగింది. ఆ ఊరికి అతను కొత్తవాడేమీ కాదు. "సరే, నీ ఇష్టం," అని కోటు భుజాన వేసుకుని, మరో ఆటగాణ్ని వెతుక్కుంటూ పోయాడు.

స్టాండు కింద గదిలో యుస్తీనా సంచీ తెరిచి కూర్చుంది. లుక్యాన్ ఎడమ భుజం అప్పటికే వాచి, చొక్కా కింద ఉబ్బెత్తుగా కనిపిస్తోంది. బయట జనం పాడుతున్న పాట గోడల్లోంచి వినిపిస్తోంది.

"నొప్పిగా ఉందా?"

"చాలా."

"ఎదిక్ వచ్చాడని విన్నాను. ఎందుకొచ్చాడో ఊరందరికీ తెలుసు, నీ ఒక్కడికే తెలీదు మాకు తెలుసని." ఆమె బాండేజీ చుట్ట వేళ్ల మధ్య తిప్పుతోంది. "పోతున్నావా?"

"పోవడం లేదు. వాడికి చెప్పేశాను. జట్టు కోసం కొంత. ఎక్కువ మీ కోసం."

యుస్తీనా బాండేజీ చుట్ట పక్కన పెట్టింది. తర్వాత, "ఆ చొక్కా విప్పు," అంది.

భుజానికి కట్టు కట్టడానికనుకుని లుక్యాన్ మూలుగుతూ, ఒక చెయ్యి తర్వాత ఒక చెయ్యి బయటికి తీసి చొక్కా విప్పాడు. ఆమె దాన్ని తీసుకుని మడతపెట్టి, గదికి ఆ చివరన ఉన్న బెంచీ మీద పెట్టి వచ్చింది. ఎదురుగా నిలబడింది.

"ఇప్పుడు చెప్పు. ఉంటావా?"

లుక్యాన్‌కు ఒళ్లు తేలికైంది. నోరు మళ్లీ తనదైంది. ఇన్నేళ్ల అలవాటున తియ్యటి మాటలు ఎన్నో నాలుక చివరకొచ్చి వరసగా నిలబడ్డాయి. ఏదైనా చెప్పొచ్చు, దేన్నైనా అందంగా చెప్పొచ్చు. వాటన్నిటినీ పోనిచ్చాడు. అంతా పోయాక మిగిలింది వెతుక్కోడానికి కొంచెం సేపు పట్టింది.

"ఉంటాను," అన్నాడు. "భయంగా ఉంది. ఆట ఇంకో ఏడాది ఆడగలనేమో, తర్వాత నాకేం చేతనవుతుందో తెలీదు. అయినా ఉంటాను."

యుస్తీనా అతని మొహంలోకి చాలాసేపు చూసింది. "చెయ్యి ఎత్తు," అని కట్టు కట్టడం మొదలుపెట్టింది. కట్టు అయిపోయినా ఆ చెయ్యి వదల్లేదు.

పరాస్క అవ్వ బుట్ట చంకన పెట్టుకుని తలుపు తోసుకుని వచ్చింది. పండగైనా ఇంకోటైనా మురికి చొక్కాలు మురికి చొక్కాలే. గది ఓసారి కలియజూసి, బెంచీ మీదున్న ఆరో నంబరు చేతిలోకి తీసుకుంది.

"దీంతో ఇంకా పనుందా?" అంది.

"లేదవ్వా," అంది యుస్తీనా. "తీసుకుపోయి ఉతికెయ్."